చలిలో సైకిలు తొక్కే చేతులకు ఖరీదైన గ్లౌజులు అక్కర్లేదు

జనవరిలో ఢిల్లీలో మా వాటా ముందు పొద్దున్న ఐదున్నరకల్లా సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినిపిస్తుంది. పేపర్లు వేసే ఆయనకు యాభై ఏళ్లు దాటే ఉంటాయి. కట్టలోంచి పేపరు లాగే ముందు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటాడు. పోయిన చలికాలం ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, గ్లౌజులు లేవా అని. జేబులోంచి తీసి చూపించాడు. అల్లిన గ్లౌజులు, చెమ్మ పట్టి బరువెక్కి ఉన్నాయి. "పొగమంచుకి పావుగంటలో తడిసిపోతాయి సాబ్. తడిసినవి వేసుకునే కంటే తీసేస్తేనే నయం" అన్నాడు.

సరిగ్గా అదే వారంలో నేను ఆన్‌లైన్‌లో పద్దెనిమిది వందలు పెట్టి కొన్న గ్లౌజులు వచ్చాయి. దూది పరుపుల్లా మందంగా ఉన్నాయి. మొదటిరోజే కూడలి దగ్గర ఒక ఆటో అడ్డం వస్తే బ్రేకు నొక్కబోయాను. లావుపాటి వేళ్లు లీవరుకీ హ్యాండిలుకీ మధ్య ఇరుక్కుని, లీవరు సగం దాకా వచ్చి ఆగిపోయింది. కాళ్లు నేలకు రాసి బండి ఆపాను. మోకాలు చీరుకుపోయింది. ఆయనవి చవకవి, నావి ఖరీదైనవి. చేతులకు మాత్రం రెండూ అక్కరకు రాలేదు.

ఈ వ్యాసం ఆ రెండు జతల గురించే. చలికాలం సైకిలు గ్లౌజులంటే సరదాకి తొక్కేవాళ్ల అలంకారమని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అవి బ్రేకులో ఒక భాగం. సైకిలు మీద బతుకు వెళ్లదీసేవాళ్లకూ, సైకిలు మీద బడికి వెళ్లే పిల్లలకూ అవి అందాలి. కాస్త భౌతికశాస్త్రం తెలిస్తే, రెండు మూడు వందల రూపాయల్లోనే మంచి జత సమకూరుతుంది కూడా.

ముందు చలి సంగతి చూద్దాం. మనం పేపర్లో చదివే కనిష్ఠ ఉష్ణోగ్రతను వాతావరణ కేంద్రాల్లో చిల్లుల తలుపులున్న తెల్లపెట్టెలో, నేరుగా గాలీ ఎండా తగలకుండా కొలుస్తారు. మైదాన ప్రాంతాల్లో అది 4 డిగ్రీలకు గానీ అంతకన్నా కిందికి గానీ దిగితే భారత వాతావరణ విభాగం శీతల గాలులని ప్రకటిస్తుంది. 2 డిగ్రీలు, ఆపైన ఇంకా తగ్గితే తీవ్ర శీతల గాలులు. 2021 జనవరి 1న ఢిల్లీ సఫ్దర్‌జంగ్ కేంద్రంలో 1.1 డిగ్రీలు నమోదైంది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. రోజులో అతి తక్కువ ఉష్ణోగ్రత సాధారణంగా సూర్యోదయం వేళకు వస్తుంది. పాలు, పేపర్లు వేసేవాళ్లు, మార్కెట్‌కు కూరగాయలు తోలేవాళ్లు సైకిలెక్కేది కూడా సరిగ్గా ఆ వేళకే. మనం పడుకుని పేపర్లో చదివే అంకెను వాళ్లు చేతులతో చదువుతారన్నమాట.

పైగా వాళ్లు పెట్టెలో లేరు, గాలిలో ఉన్నారు. గాలి అస్సలు లేని ఉదయం కూడా సైకిలు తొక్కేవాడికి తన వేగమే ఎదురుగాలి అవుతుంది. గాలి వల్ల శరీరం ఎంత వేగంగా చల్లబడుతుందో మొదట లెక్కగట్టింది పాల్ సైపిల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు అమెరికన్లు. అంటార్కిటికాలో ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి, అవి గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో వేర్వేరు గాలి వేగాల దగ్గర కొలిచారు. ఆ ఫలితాలు 1945లో అచ్చయ్యాయి. 2001లో అమెరికా, కెనడా దేశాలు కలిసి ఆ లెక్కను సవరించాయి. ఈసారి నీళ్ల గొట్టానికి బదులు మనుషులను గాలి సొరంగంలో నడిపించి, ముఖం ఎంత చల్లబడుతుందో చూశారు. ఆ సూత్రంలో 5 డిగ్రీల ఉష్ణోగ్రత, గంటకు 20 కిలోమీటర్ల గాలి వేసి లెక్క కడితే వచ్చే జవాబు సుమారు 1 డిగ్రీ. అంటే 5 డిగ్రీల ఉదయాన మామూలు వేగంతో సైకిలు తొక్కేవారి చర్మం, గాలి దాదాపుగా లేని 1 డిగ్రీ చలిలో నిలబడ్డవారి చర్మంలాగే వేడిని కోల్పోతుంది. నిజానికి ఇంకొంచెం ఎక్కువే కోల్పోతుంది. ఎందుకంటే సూత్రంలోని గాలి వేగం 10 మీటర్ల ఎత్తులో కొలిచేది. నేల దగ్గర అది తగ్గిపోతుందని లెక్కలో ముందే సర్దుబాటు చేశారు. సైకిలు పుట్టించే గాలికి ఆ తగ్గింపు వర్తించదు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. గాలి ఎంత వీచినా ఏ వస్తువునూ చుట్టూ ఉన్న ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. మీ సైకిలు హ్యాండిలు 5 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. గాలి చేసేదల్లా, వేడిగా ఉన్న చర్మాన్ని ఆనుకుని ఉండే పలచని వెచ్చటి గాలి పొరను ఎప్పటికప్పుడు తుడిచిపెట్టడం. ఆ పొరే మన అసలు దుప్పటి. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే గ్లౌజులు కొనడంలో సగం పని అయిపోయినట్లే.

చేతులకే ఎందుకు ముందు చలేస్తుంది? సైకిలు మీద కాళ్లు పనిచేస్తాయి, వేడి పుట్టిస్తాయి. చేతులు మాత్రం కదలకుండా, గుండె కన్నా ముందుకు చాచి, ఎదురుగాలిలో మొదటి వరసలో ఉంటాయి. వేళ్లు సన్నని స్తూపాలు. వాటిలో వేడిని నిల్వ ఉంచే మాంసం తక్కువ, వేడిని పోగొట్టే ఉపరితలం ఎక్కువ. దీనికి తోడు శరీరానికి తన ప్రాధాన్యాలు తనకుంటాయి. గుండె, మెదడు, కాలేయం ఉన్న నడిమి భాగం చల్లబడేలా ఉంటే మొదట వేళ్లకు రక్తం తగ్గిస్తుంది. వేళ్ల కొసల్లో ధమనులను, సిరలను నేరుగా కలిపే చిన్న అడ్డదారులు ఉంటాయి. వెచ్చగా ఉన్నప్పుడు అవి తెరుచుకుని వేళ్లను రేడియేటర్లలా వాడుకుంటాయి. చలిలో మూసుకుంటాయి. చాలాసేపు మూసుకున్నాక మధ్యమధ్య కాసేపు తెరుచుకుంటాయి కూడా. బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్ 1930లో దీన్ని వివరించాడు. చల్లటి నీళ్లలో చేయి పెట్టినప్పుడు కాసేపటికి వేళ్లలో సలపరంతో పాటు వెచ్చదనం వచ్చిపోయేది అందుకే.

చేతి చర్మం 15 డిగ్రీలకు దిగేసరికి వేళ్ల నేర్పు స్పష్టంగా తగ్గుతుంది. 8 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి స్పర్శ మొద్దుబారుతుంది. నరాల్లో సంకేతాలు నెమ్మదిస్తాయి, కీళ్లు బిగుసుకుంటాయి. కొంకర్లు పోవడం అని మనం అనేది దీన్నే. సైకిలు వేగం గంటకు 20 కిలోమీటర్లంటే సెకనుకు అయిదున్నర మీటర్లు. కొంకర్లు పోయిన వేళ్లు బ్రేకు నొక్కడానికి అర సెకను ఆలస్యం చేశాయనుకుందాం. ఆ లోపల బండి 2.8 మీటర్లు ముందుకు పోతుంది. అది దాదాపు ఒక ఆటో పొడవు. పొగమంచులో ఎదుటి మనిషి కనిపించేదే కొన్ని మీటర్ల దూరంలో కాబట్టి ఈ లెక్కను తేలిగ్గా తీసుకోకూడదు.

చాలామందికి తెలియని సంగతి మరొకటుంది. వేళ్లను మడిచే ప్రధాన కండరాలు వేళ్లలో ఉండవు, మోచేతికీ మణికట్టుకీ మధ్య ఉంటాయి. అక్కడి నుంచి స్నాయువులు తాళ్లలా వేళ్లలోకి వెళతాయి. ముంజేయి చల్లబడితే పట్టు తగ్గుతుంది. అందుకే గ్లౌజు ఎంత మంచిదైనా, చొక్కా చేతికీ గ్లౌజుకీ మధ్య రెండంగుళాల మణికట్టు బయటికి కనిపిస్తుంటే సగం డబ్బు వృథా. అక్కడ రక్తనాళాలు చర్మానికి బాగా దగ్గరగా ఉంటాయి. పాత మేజోళ్ల కొస కత్తిరించి బొటనవేలికి ఒక చిల్లు పెట్టి మణికట్టుకు తొడిగితే ఆ లోటు తీరుతుంది. దీనికి ఖర్చు సున్నా. అలాగే ఛాతీని గాలి నుంచి కాపాడితే వేళ్లు కూడా వెచ్చబడతాయి, ఎందుకంటే నడిమి భాగం వెచ్చగా ఉంటే శరీరం వేళ్లకు రక్తం పంపడానికి జంకదు. స్వెటరు లోపల ఛాతీకి అడ్డంగా న్యూస్ పేపరు మడిచి పెట్టుకునే పాత అలవాటులో బోలెడు శాస్త్రం ఉంది. మంకీ క్యాపుతో నన్ను చూసి నవ్వే మిత్రులకు కూడా ఇదే నా జవాబు.

ఇక గ్లౌజుల దగ్గరకు వద్దాం. ఉన్నిలో, దూదిలో, స్పాంజిలో వెచ్చదనం ఉండదు. వాటి పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలిలో ఉంటుంది. కదలని గాలి వేడిని చాలా నెమ్మదిగా చేరవేస్తుంది. నీరు దానికన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా చేరవేస్తుంది. కాబట్టి గ్లౌజుకు శత్రువులు ఇద్దరు. ఒకటి లోపలి గాలిని కదిలించే ఎదురుగాలి, రెండోది ఆ గాలి స్థానాన్ని ఆక్రమించే తడి. మా పేపరాయన గ్లౌజులకు ఇద్దరూ తగులుకున్నారు. అల్లిక కన్నాల్లోంచి గాలి దూరింది, పొగమంచు బిందువులు నూగుకు పట్టుకున్నాయి. ఆయన వాటిని జేబులో పెట్టుకోవడం అజ్ఞానం కాదు, అనుభవం.

నా ఖరీదైన గ్లౌజుల తప్పు వేరు. అవి గాలిని ఆపాయి, వెచ్చగానే ఉన్నాయి. కానీ వేళ్ల విషయంలో మందం ఒక హద్దు దాటాక లాభం తగ్గిపోతుంది. సన్నని స్తూపానికి పొర మీద పొర చుట్టేకొద్దీ వేడి పోయే బయటి ఉపరితలం కూడా పెరుగుతుంది. అందువల్ల రెట్టింపు మందం రెట్టింపు వెచ్చదనం ఇవ్వదు. బ్రేకు మీద పట్టు మాత్రం మందంతో పాటు నేరుగా పోతుంది. షాపులో మందాన్నే వెచ్చదనంగా అమ్ముతారు, మనమూ నొక్కి చూసి మెచ్చుకుంటాం. ఇది మార్చుకోవలసిన అలవాటని నా అభిప్రాయం.

నొక్కి చూడడం మానేసి ఊది చూడండి. గ్లౌజు వెనకవైపును, అంటే వేళ్ల కణుపుల మీద వచ్చే భాగాన్ని నోటికి ఆనించి గట్టిగా ఊదండి. లోపల పెట్టిన రెండో చేతికి ఊపిరి తగిలితే రోడ్డు మీద గాలి కూడా అలాగే దూరుతుంది. అరచేతి వైపు ఊదితే లాభం లేదు. హ్యాండిలు పట్టుకున్నప్పుడు అరచేయి వెనక దాక్కుంటుంది, గాలికి ఎదురుగా నిలబడేది వేళ్ల వెనకభాగమే. హార్డ్‌వేరు షాపుల్లో దొరికే, అరచేతికి రబ్బరు పూత వేసిన పనివాళ్ల గ్లౌజులు ఈ పరీక్షలో తప్పేది ఇక్కడే. పట్టు అద్భుతంగా ఉంటుంది, ధర కూడా తక్కువే, కానీ పూత అంతా అరచేతివైపే. వెనక ఉత్త అల్లిక.

రెండో పరీక్ష బ్రేకు. షాపుకు సైకిలు మీదే వెళ్లండి. గ్లౌజు తొడుక్కుని లీవరు పూర్తిగా నొక్కండి, వదలండి, మళ్లీ నొక్కండి. వేలికొస దగ్గర కొద్దిగా ఖాళీ ఉండాలి. పిడికిలి బిగిస్తే కణుపుల దగ్గర గుడ్డ లాగకూడదు. బిగుతు గ్లౌజు రెండు విధాలా చెడ్డది. లోపలి గాలిని నలిపేస్తుంది, రక్తం పారకుండా నొక్కుతుంది. సైజు సందేహంగా ఉంటే నేను పెద్దదే తీసుకుంటాను. ఆన్‌లైన్‌లో కొనడం ఈ ఒక్క కారణానికే నాకు నచ్చదు.

ఇప్పుడు అసలు సలహా. ఒక మందపాటి జత కొనకండి, రెండు పలచటివి కలపండి. లోపల ఒక పలచని అల్లిన గ్లౌజు. దాని పని గాలిని పట్టి ఉంచడం. బయట గాలి చొరబడని పొర ఏదైనా. దాని పని ఎదురుగాలిని, పొగమంచును ఆపడం. మా వైపు సంతలో అల్లిన జత ఎనభై రూపాయలకు దొరుకుతుంది. బయటి పొరకు నేను మొదట వాడింది గిన్నెలు తోముకునే రబ్బరు గ్లౌజులు, పెద్ద సైజువి. చూసినవాళ్లు నవ్వారు, చేతులు వెచ్చగా ఉన్నాయి. పట్టు కూడా బాగుంది, ఎందుకంటే తడి గిన్నె జారకుండా అరచేతికి గీతలు పోసి ఉంటాయి. లోపం ఒకటే, చెమట బయటికి పోదు. ఇరవై నిమిషాల ప్రయాణానికి ఇబ్బంది లేదు. గంట తొక్కితే లోపలి గ్లౌజు తడుస్తుంది, ఆగిన వెంటనే చలి కొరుకుతుంది. దూరం పోయేవాళ్లు బయటి పొరకు రెయిన్‌కోటు నైలాను గుడ్డ వాడడం మేలు, మణికట్టు దగ్గర కొంచెం వదులుగా ఉంటే చెమట ఆవిరి అటు పోతుంది.

ఆ నైలాను తొడుగును బజారులో వెతకక్కర్లేదు. చిరిగిన రెయిన్‌కోటు ఒకటి తీసుకెళ్లి మా వీధి టైలరుకిచ్చాను. అయిదు వేళ్లు కుట్టడం కష్టం, కుట్లెక్కువైతే గాలి దూరే కన్నాలూ ఎక్కువే. అందుకని పీత డెక్కలా కుట్టమన్నాను. చూపుడు వేలూ మధ్యవేలూ ఒక అరలో, చివరి రెండు వేళ్లూ మరో అరలో, బొటనవేలు విడిగా. వేళ్లు జంటగా ఉంటే ఒకదాని వేడి ఒకటి పంచుకుంటుంది, ఉపరితలం తగ్గుతుంది, బ్రేకు నొక్కడానికి రెండు వేళ్లు కలిసి వస్తాయి. విదేశీ సైకిలు కంపెనీలు ఇదే ఆకారాన్ని వేలల్లో అమ్ముతాయి. మా టైలరు నూట ఇరవై తీసుకున్నాడు. అరచేతి వైపు పాత ట్యూబు ముక్క అంటించాను, నైలాను జారకుండా. మొత్తం రెండు వందలు.

లోపలి గ్లౌజుకు అసలైన ఉన్నే కావాలా? ఉన్ని గొప్పదే. తన బరువులో మూడోవంతు దాకా నీటి ఆవిరిని పోగు లోపలికి పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. నూలు తడిస్తే చేతికి అతుక్కుపోయి చల్లబరుస్తుంది, దాన్ని మాత్రం వద్దంటాను. కానీ మన బజార్లలో ఉలెన్ పేరుతో అమ్మే వాటిలో చాలావరకు అక్రిలిక్. తెలుసుకోవాలంటే ఇంటికొచ్చాక ఊడిన దారపు ముక్కను కాల్చి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే పొడిగా రాలుతుంది. అక్రిలిక్ కరిగి నల్లపూసలా గట్టిపడుతుంది. అయినా బాధపడకండి. అక్రిలిక్ పోగు నీటిని పెద్దగా పీల్చదు, నీరు పోగుల సందుల్లోనే నిలుస్తుంది. బయటి పొర తడిని ఆపినంతకాలం అది తన పని తాను చేస్తుంది. ఉన్నికి పెట్టే అదనపు డబ్బు బయటి పొరకు పెట్టడం తెలివి.

చలికాలపు అల్లికలకు దేశంలో పెద్ద కేంద్రం లూధియానా. నవంబరు రాగానే మన తెలుగు పట్టణాల్లో టిబెటన్లు పెట్టే స్వెటర్ల దుకాణాలకు కూడా చాలా సరుకు అక్కడినుంచే వస్తుంది. దేశంలో సైకిళ్ల తయారీకి రాజధాని కూడా ఆ ఊరే. ఒకే ఊళ్లో ఒక వీధిలో సైకిలు, ఇంకో వీధిలో గ్లౌజులు తయారవుతున్నాయి, కానీ ఇవి రెండూ ఒకే మనిషి చేతికి అవసరమన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు. నేను కొన్న ఏ చవక జత అట్ట మీదా అది గాలిని ఆపుతుందో లేదో రాసి లేదు. యూరప్‌లో చలి గ్లౌజులకు ఈఎన్ 511 అని ఒక ప్రమాణం ఉంది. గాలి చలిని ఎంత ఆపుతుంది, చల్లటి వస్తువు పట్టుకుంటే ఎంత కాపాడుతుంది, నీరు దూరుతుందా అనే మూడు విషయాలకు మూడు అంకెలు ముద్రిస్తారు. అంత పరీక్ష ఎనభై రూపాయల జతకు కుదరదని తెలుసు. "గాలి ఆపదు, పైన తొడుగు వాడండి" అని ఒక వాక్యం ముద్రించడానికి మాత్రం ఖర్చేమీ కాదు.

చేతి నుంచి వేడి పోయే దారి ఇంకొకటి ఉంది, లోహం. అల్యూమినియం లీవరు రబ్బరు కన్నా వెయ్యి రెట్ల వేగంతో వేడిని లాగేస్తుంది. ఉక్కు కొంత నయం, అయినా రబ్బరుతో పోల్చలేం. పాత రకం రాడ్ బ్రేకు సైకిళ్లలో లీవరు పొడుగునా ఉక్కే. పాడైన ట్యూబును సన్నని పట్టీలుగా కోసి లీవరుకు చుట్టేస్తే ఆ దారి మూసుకుపోతుంది. పంక్చరు షాపులో అడిగితే ట్యూబు ముక్క ఊరికే ఇస్తారు.

ఉత్తరాదిన మోటారు సైకిళ్ల హ్యాండిళ్లకు తగిలించే రెగ్జిన్ తొడుగులు చూసే ఉంటారు. చేతులు లోపలికి దూర్చి గ్రిప్పు పట్టుకోవడమే. గ్లౌజు కన్నా ఇది మంచి ఆలోచన అనిపిస్తుంది నాకు. బ్రేకుకూ వేళ్లకూ మధ్య ఏమీ అడ్డం ఉండదు, గాలి మాత్రం ఆగిపోతుంది. పేపరు వేసేవాళ్లలా నిమిషానికోసారి చెయ్యి తీసి పని చేయాల్సినవాళ్లకు ఇదే అనువు. చెయ్యి సులువుగా బయటికి వచ్చేలా నోరు వెడల్పుగా ఉండాలి. పడిపోయేటప్పుడు చేతులు ఇరుక్కోకూడదు కదా.

తెలుగు రాష్ట్రాల్లో ఇదంతా అవసరమా అని అడగవచ్చు. ఆదిలాబాద్ జిల్లాలో, లంబసింగి లాంటి ఏజెన్సీ గ్రామాల్లో డిసెంబరు, జనవరి ఉదయాలు ఢిల్లీకి ఏమీ తీసిపోవు. అక్కడ ఈ రెండు పొరల పద్ధతి పూర్తిగా వర్తిస్తుంది. హైదరాబాదులో 13, 14 డిగ్రీల ఉదయానికి లోపలి జత ఒక్కటి చాలు. చాలా మందికి అది కూడా పది నిమిషాల తర్వాత అక్కర్లేదు. మైనస్ పది డిగ్రీలకు పనికొస్తాయని రాసిన గ్లౌజులు కొని హుస్సేన్‌సాగర్ చుట్టూ తొక్కేవాళ్లను చూశాను. చెమటతో చేతులు నానిపోవడం తప్ప ప్రయోజనం లేదు.

నా ఆందోళన హుస్సేన్‌సాగర్ చుట్టూ తిరిగేవాళ్ల గురించి కాదు. 2011 జనగణన ప్రకారం దేశంలో దాదాపు 45 శాతం కుటుంబాలకు సైకిలు ఉంది. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిలు కొనుక్కునేందుకు డబ్బివ్వడం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు ఆ పథకాన్ని అధ్యయనం చేసి, ఉన్నత పాఠశాలల్లో ఆ వయసు బాలికల నమోదు 32 శాతం పెరిగిందని తేల్చారు. ఆ తర్వాత మరికొన్ని రాష్ట్రాలు కూడా బాలికలకు సైకిళ్లిచ్చాయి. గంగా మైదానంలో జనవరి ఉదయం అంటే పొగమంచు. మామూలు స్వెటరు, పైన చున్నీ, చేతులు ఖాళీ. కొంతమంది పిల్లలు చున్నీ కొసలను అరచేతులకు చుట్టుకుని హ్యాండిలు పట్టుకుంటారు. వదులుగా వేలాడే గుడ్డ బ్రేకు రాడ్డులోనో చక్రంలోనో చిక్కుకోవడానికి ఎంతోసేపు పట్టదు. సైకిలు ఇచ్చే పథకం తనవంతు మంచి చేసింది. ఆ సైకిలు ధరలో చిన్న భాగం పెడితే చేతులకు రెండు పొరలు వస్తాయి. యూనిఫారం జాబితాలో స్వెటరు పక్కన ఒక పంక్తి చేర్చమనే నేనడిగేది.

అలాగే ప్రతి చలికాలం దుప్పట్లు పంచే దాతలు, సంఘాలు ఉంటారు. మంచి పని. దుప్పటి నిద్రపోయేవాళ్లకు. తెల్లవారుజామున తిరిగేవాళ్లకు దానితో పని లేదు. పాల కేంద్రాలు, పేపరు ఏజెన్సీలు, సైకిళ్ల మీద సరుకులు పంపించే సంస్థలు తమ మనుషులకు టోపీ, టీషర్టు ఇస్తాయి, ఎందుకంటే వాటి మీద పేరు అచ్చు వేయవచ్చు. గ్లౌజు మీద కూడా పేరు అచ్చు వేసుకోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు.

కొందరికి ఇది సౌకర్యం దాటిన విషయం. చలి తగలగానే వేళ్లు తెల్లగా పాలిపోయి, నీలంగా, తర్వాత ఎర్రగా మారితే అది రేనాడ్స్ అనే సమస్య కావచ్చు, డాక్టరుకు చూపించాలి. గడ్డకట్టేంత చలి లేకపోయినా, తేమతో కూడిన చలిలో వేళ్ల మీద ఎర్రటి దురద వాపులు రావచ్చు. వీటిని చిల్‌బ్లెయిన్స్ అంటారు. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవాళ్లకు చేతులు ఎంత చల్లబడ్డాయో తెలియనే తెలియదు. ఎవరైనా సరే, కొంకర్లు పోయిన చేతులను పొయ్యి మీద పెట్టడం, మరిగే నీళ్లలో ముంచడం చేయకూడదు. మొద్దుబారిన చర్మానికి కాలిన సంగతి తెలియదు. చంకల్లో పెట్టుకుంటే చాలు.

మా పేపరాయనకు టైలరు చేత ఇంకో జత పీత డెక్కలు కుట్టించి ఇచ్చాను. రెండు రోజులు వాడి తిరిగి ఇచ్చేశాడు. వాటితో పేపరు మడత పెట్టలేకపోతున్నానన్నాడు. ఆ మాట నాకు ముందే తట్టి ఉండాల్సింది. తర్వాత ఆయనే పాత రెగ్జిన్ సంచి కోసి, హ్యాండిలుకు రెండువైపులా తాడుతో కట్టుకున్నాడు. లోపల చేతులకు అవే పాత అల్లిన గ్లౌజులు, ఇప్పుడు పొడిగా ఉంటున్నాయి. పేపరు తీయడానికి కుడి గ్లౌజు బొటనవేలు, చూపుడు వేలు కొసలు కత్తిరించుకున్నాడు.